మెట్ల కింద బత్తీ, సందులో నీడ

మా ఇంట్లో బాత్రూమ్ మెట్ల కింద ఉంది. మా దీవిలో గరాచర్మ అనే ఊళ్ళో ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు మేడ మీదికి మెట్లు వేశాక వాటి కింద మిగిలిన చోటు వదిలెయ్యడానికి మనసొప్పలేదు. అక్కడే గోడలు లేపించాను. లోపల కప్పు మెట్లతో పాటే ఒక పక్కకి వాలుతుంది. ఒక మనిషి, ఒక బకెట్టు, ఒక పీట పడతాయి, అంతే. తలుపు ఇంట్లోకి తెరుచుకుంటుంది. తలుపుకి ఎదురుగా, వెనక సందు వైపు, మసక అద్దం పలకల కిటికీ. ఆ పలకలు కొంచెం తెరిచి ఉంచకపోతే మా తేమకి గోడలన్నీ బూజు పట్టేస్తాయి. కప్పు మధ్యలో బల్బు వేలాడదీస్తే తలకి తగులుతుంది కాబట్టి తలుపు మీద, పైన, ఒక హోల్డరు పెట్టించాను. ఇన్నేళ్ళూ ఆ పసుపు బల్బుతోనే గడిచిపోయింది.

గడిచిపోయింది అనడానికి కారణం ఉంది. నేనూ మా ఆవిడా పొద్దున్నే స్నానం చేస్తాం. ఈ దీవుల్లో గడియారం మెయిన్‌ల్యాండ్‌ది, సూర్యుడు మాత్రం మా సొంతం. ఐదింటికే తెల్లగా తెల్లారిపోతుంది. కిటికీ వెలుగే చాలు. సాయంత్రం ఐదయ్యేసరికి అంతే తొందరగా చీకటి పడుతుంది. చీకటి పడ్డాక బాత్రూమ్‌లో నిలబడి స్నానం చేసే మనిషి మా ఇంట్లో లేకపోయింది, అప్ప వచ్చేవరకూ.

అప్ప అంటే మా పెద్దక్క. మా తాతలు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చినవాళ్ళు. అక్కని అప్ప అనే అలవాటు వాళ్ళతోనే వచ్చింది, ఇక్కడి హిందీలో కరగకుండా మిగిలింది. అప్పది రంగత్, ఇక్కడికి పొద్దంతా బస్సు ప్రయాణం. అక్కడి బజార్లో చేపల తట్ట ముందు పెట్టుకుని ఆవిడ అరిస్తే బస్టాండు దాకా వినపడుతుందని చెప్పుకుంటారు. ఆవిడ భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కతే ఉంటుంది, ఎవరినీ ఏమీ అడగదు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, సురమయి చేపకీ కుక్కరీ చేపకీ తేడా వేలితో తడిమి చెప్పే స్థితికి వచ్చాక, నేను స్వయంగా వెళ్ళి బస్సెక్కించి తీసుకొచ్చాను. ముందు కుడి కన్ను, అది కుదుటపడ్డాక కొన్ని వారాలకి ఎడమ కన్ను అని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పారు. మొదటిది బాగా అయింది. కళ్ళద్దాల చీటీ కూడా ఇంకా రాకముందే మా వాకిట్లో పూల కుండీల మీద దుమ్ముందని అప్ప కనిపెట్టింది.

డాక్టరు చెప్పిన జాగ్రత్తలు మూడు. కంట్లో నీళ్ళు పడకూడదు, వంగి బరువెత్తకూడదు, ఎట్టి పరిస్థితిలోనూ కాలు జారి పడకూడదు. మూడోది చెప్పేటప్పుడు ఆయన అప్ప వైపు కాదు, నా వైపు చూశారు.

నాకు చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు. హార్బర్ ఆఫీసులో ఏ షిప్పు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు వెళ్ళింది అన్నది రాయడమే నా ఉద్యోగం. ఇంటికొచ్చాక వాన, ఎండ, కుళాయి వచ్చిన రోజు, రాని రోజు రాసుకునేవాణ్ణి. రిటైరయ్యాక కూడా మానలేదు. అందువల్ల అప్ప వచ్చిన కొత్తలోనే ఒక సంగతి నా కంటపడింది. అప్ప సాయంత్రం స్నానానికి వెళుతుంది. బాత్రూమ్ తలుపు కింద సందులోంచి వెలుగు రాదు. లోపల నీళ్ళు పోసుకున్న చప్పుడు వస్తుంది. అంటే చీకట్లోనే చేస్తోంది.

"కరెంటు మిగులుస్తోంది వదిన" అంది మా ఆవిడ. ఆమెకి అప్ప వదిన. "రంగత్‌లో రేకుల దడి లోపల స్నానం చేసే మనిషి. బత్తీ అలవాటు లేదు."

మా ఇళ్ళల్లో లైటుని బత్తీ అనే అంటాం. అది హిందీ మాట అని మెయిన్‌ల్యాండ్ చుట్టాలు నవ్వితే గాని మాకు గుర్తుకు రాదు.

"పోనీ మజ్జాన్నం వెలుగుండగా చెయ్యొచ్చుగా వదినా" అని మా ఆవిడ అడిగింది కూడా.

"మజ్జాన్నం తానం సేసి, సాయంత్రం సేపలు కోస్తే, ఆ తానం ఎవరికే? దేవుడికా, పిల్లికా?" అంది అప్ప. సాయంత్రం చేపలు శుభ్రం చేసి, స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టడం ఆవిడ జీవితమంతా తప్పని వరస. ఆపరేషన్ అయిన కొన్నాళ్ళు దాన్ని ఆపడానికే మేం నానా తంటాలు పడ్డాం.

ఒక సాయంత్రం బాత్రూమ్‌లో బకెట్టు దొర్లిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. మా ఆవిడ పరుగెత్తి తలుపు తట్టింది. "బాగానే ఉన్నాను, ఉండు" అని లోపలి నుంచి జవాబొచ్చింది. జారిందట. కుళాయి పట్టుకుని నిలదొక్కుకుందట. మోచెయ్యి కమిలింది. కంటికి ఏమీ కాలేదు. మా ఆవిడ మోచేతికి పసుపు రాస్తుంటే నేను కొంచెం గట్టిగానే అడిగాను.

"బత్తీ ఎందుకు వెయ్యలేదప్పా?"

అప్ప నా వైపు చూడలేదు. "నీడ పడతందిరా" అంది.

"ఏం నీడ?"

"నీడ అంటే నీడే. పడతంది. వదిలెయ్యి."

బజార్లో పోలీసుతోనైనా ఎదురు మాట్లాడే మనిషి అలా రెండు ముక్కలు మాట్లాడి ఊరుకోవడం నాకు వింతగా తోచింది. ముందు భయపడ్డాను కూడా. ఆపరేషన్ చేసిన కంట్లో నీడలు కనపడుతున్నాయేమోనని మర్నాడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు పరీక్ష చేసి, కన్ను అద్దంలా ఉందన్నారు. అప్ప బయటికొచ్చి, "ఆ డాక్టరు బాబుకి నా కంట్లో నీడుందని సెప్పినావేటి? నానెప్పుడన్నాను?" అని దారంతా దెప్పింది. బస్సులో వాళ్ళు మమ్మల్నే చూశారు.

కంట్లో కాకపోతే నేల మీద. అలా అనుకున్నాను. బత్తీ తలుపు మీద ఉంది. అప్ప తలుపుకి వీపు పెట్టి నిలబడితే ఆవిడ నీడ ఆవిడ ముందే, బకెట్టు మీద, గచ్చు మీద పడుతుంది. కాలు ఎక్కడ వేస్తోందో కనపడదు. అందుకే వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే అనుకుంటోంది. ఇంత స్పష్టంగా అర్థమైనందుకు నాకు లోలోపల సంతోషం కూడా కలిగింది.

అబర్దీన్ బజార్‌కి వెళ్ళి నాలుగు కొట్లు తిరిగాను. చిన్న బాత్రూమ్‌కి బత్తీ కొనడం అంత తేలిక కాదని అప్పుడే తెలిసింది. మా పాత హోల్డరు ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టి ఉంది. నీళ్ళు చిమ్మే చోట అలాంటిది ఇన్నాళ్ళు ఎలా ఉంచానో! నీళ్ళు గాని ఆవిరి గాని లోపలికి పోకుండా చుట్టూ రబ్బరు బిగించిన మూత ఉండాలి. ఆ మూత స్టీలుది కాకూడదు, మా గాలికి రెండు వానాకాలాలు ఆగదు. స్విచ్చి తలుపు బయట ఉండాలి. ఎక్కడైనా కరెంటు లీకైతే తనంతట తనే పడిపోయే ట్రిప్ స్విచ్ ఒకటి ఉండాలి. ఇవన్నీ చీటీ మీద రాసుకెళ్ళి చదివితే కొట్టతను తల ఊపి, "షిప్ ఆయేగా తో ఆయేగా, అంకుల్" అన్నాడు. షిప్పొస్తే వస్తుంది. మా ఊళ్ళో ఏ వస్తువుకైనా అదే జవాబు. జీవితమంతా షిప్పుల రాకడ రాసిన నాకు అది కొత్త కాదు. ఆ షిప్పు వచ్చింది. గుండ్రటి, తెల్ల మూత బత్తీ తెచ్చుకున్నాను.

బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ హిందీ మాట్లాడతాడు. నిచ్చెన వాల్చి, ఎందుకు మారుస్తున్నారని అడిగాడు. పర్ఛాయీ పడుతోంది అని చెప్పాను.

"పర్ఛాయీ? కహాఁ, అంకుల్?"

నీడ ఎక్కడ పడుతోందని అడిగాడు. వంటింట్లో అప్ప ఉంది. అడిగి చెప్పొచ్చు. నేను అడగలేదు. "నీచే. ఫర్ష్ పే" అని గచ్చు చూపించాను.

గచ్చు మీద నీడ పడకూడదంటే బత్తీని కిందికి దించాలని ఇద్దరం కలిసి తేల్చాం. అదే తలుపు గోడ మీద, తలుపు పక్కన, భుజమంత ఎత్తులో బిగించాం. తెల్లటి వెలుగు. స్విచ్చి వేసి చూస్తే గచ్చు మీద చీమ పాకినా కనపడేటట్టుంది. నేను పీట మీద కూర్చుని, లేచి, వంగి, అన్ని విధాలా చూశాను. బకెట్టు మీద నీడ లేదు. "అప్పా, వచ్చి చూడు" అని పిలిచాను. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత కిటికీ వైపు చూసింది. "బాగుందిరా" అని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అప్ప స్నానానికి వెళ్ళగానే తలుపు కింద తెల్లటి గీత కనపడింది. నేనూ మా ఆవిడా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. అంతలో తలుపు తీసిన చప్పుడు, స్విచ్చి టక్కున కొట్టిన చప్పుడు, మళ్ళీ తలుపు వేసుకున్న చప్పుడు. చీకట్లో నీళ్ళు పోసుకోవడం మొదలైంది.

స్నానం చేసొచ్చి, దీపం పెట్టి, అప్ప నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఒరే, రంగత్ బస్సుకి టికెట్ తియ్యి."

"ఇంకో కన్ను ఉందిగా."

"ఒక కన్ను సాలు. దేవుడు రెండిచ్చినాడని రెండూ వాడాలేటి? సేపకి రెండున్నాయి, ఏం సూసింది, వలలో పడింది."

"ఇప్పుడెళితే మళ్ళీ రావప్పా. నాకు తెలుసు."

"రాను" అంది నిజాయితీగా. "నా దడి నాకుంది. నా తానం నాకుంది. ఇక్కడ నాకు కుదర్దు."

మా ఆవిడ బతిమాలింది. తానేమైనా తప్పు మాట అన్నానా అని అడిగింది. "నువ్వేటన్నావే, పిచ్చిపిల్లా" అని అప్ప ఆమె తల నిమిరింది గాని కారణం చెప్పలేదు. టికెట్ వారం చివరికి దొరుకుతుందని నేను అబద్ధం లాంటి నిజం చెప్పి కొన్ని రోజులు సంపాదించాను. ఆవిడ ఒకసారి బస్సెక్కితే ఆ ఎడమ కన్ను అలాగే పోతుంది. ఈలోపల మళ్ళీ చీకట్లో జారితే వచ్చిన కుడి కన్నుకి కూడా నమ్మకం లేదు. డైరీలో ఆ రోజు వాన గురించి రాసి, తర్వాత ఏం రాయాలో తెలియక మూసేశాను.

రెండు రోజుల తర్వాత సాయంత్రం కుళాయి వచ్చింది. మా సందులో కుళాయి వస్తే అందరూ పైపులు, డ్రమ్ములు పట్టుకుని బయటికి వస్తారు. ఆ పని ఎప్పుడూ మా ఆవిడదే. ఆ రోజు ఆమె ఇంట్లో బకెట్లు కడుగుతోందని నేను వెళ్ళాను. డ్రమ్ములో పైపు పెట్టి తలెత్తాను.

మా బాత్రూమ్ కిటికీలో మా ఆవిడ ఉంది.

మసక అద్దం మీద నల్లగా, నిలువెత్తు కన్నా పెద్దగా. జడ ముడి, దానికి పెట్టిన క్లిప్పు, చేతిలో చెంబు, చెంబు వంపితే జారే నీటి ధార, అన్నీ ఉన్నాయి. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని బకెట్టు కడుగుతోంది, అంతే. కాని ఆ పని బకెట్టు కడగడం కాక స్నానం అయితే? నా చేతిలో పైపు డ్రమ్ము దాటి నా చెప్పుల మీద పోస్తోంది.

పక్కింటి బెంగాలీ దీదీ, తన డ్రమ్ము మీద చెయ్యి ఆనించి, ఈ దీవులన్నిటికీ ఉమ్మడి భాష అయిన హిందీలో అంది: "భయ్యా, మొహల్లా మే ఏక్ హీ టాకీస్, వో భీ ఫ్రీ!" వీధికంతా ఒకటే సినిమా హాలు, అదీ టికెట్ లేకుండా. కుళాయి దగ్గరి ఆడవాళ్ళందరూ నవ్వారు. అందులో చెడు ఏమీ లేదు. దీదీ నవ్వాపుకుని, మొన్నటిదాకా తలా భుజాలూ మాత్రమే కనపడేవని, కొత్త బత్తీ పెట్టాక మొత్తం మనిషి కనపడుతోందని, మగవాళ్ళు కూడా నడిచే దారి కదా అని మెల్లగా చెప్పింది. చెప్పాలనుకుంటూనే ఉందట. మగవాడితో ఎలా చెప్పాలో తెలియలేదట.

నేను పైపు కట్టేసి అక్కడే నిలబడ్డాను. దీపం కిందికి దిగితే నీడ పైకి ఎక్కుతుంది. చిన్నప్పుడు కిరసనాయిలు బుడ్డి నేల మీద పెట్టి గోడ మీద కుక్కనీ కుందేలునీ ఆడించినవాణ్ణి నేను. ఆ ఆటలో బుడ్డి ఎక్కడ పెట్టాలో నేర్పింది అప్పే. తలుపు మీద ఎత్తున ఉన్నప్పుడు కిటికీ మీద సగం నీడ పడేది. నేను దాన్ని దించి, తెల్లటి వెలుగు పెట్టి, సగాన్ని పూర్తి చేశాను. అప్ప చెప్పిన నీడ గచ్చు మీదిది కాదు. ఆవిడ చెప్పగలిగినంతా చెప్పింది. తమ్ముడితో అంతకన్నా ఏం చెబుతుంది?

లోపలికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆమె చెంబు వదిలేసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "హాయ్ రామ్, ఇన్నేళ్ళు నేను సాయంత్రాలు కాళ్ళు కడుక్కున్నవన్నీ..." అని ఆగి, "వదినకి తెలుసన్నమాట" అంది.

అప్ప పెరటి గుమ్మంలో కూర్చుని చేప పొలుసు తీస్తోంది. నేను కొంచెం దూరంగా నిలబడ్డాను.

"నీడ ఎక్కడ పడుతోందో చూశానప్పా."

కత్తి ఆగింది. "సూసినావా?"

"చూశాను."

"అయితే టికెట్ తియ్యి."

"టికెట్ కాదు. రేపు సాయంత్రం నువ్వు సందులో నిలబడు. నేను లోపల బత్తీ పట్టుకుని తిరుగుతాను. నీడ ఎక్కడ పోతుందో అక్కడ బిగిద్దాం."

అప్ప పొలుసు మళ్ళీ మొదలుపెట్టింది. మా ఆవిడ వచ్చి ఆవిడ పక్కన చతికిలబడింది. "నాకైనా చెప్పొచ్చుగా వదినా?"

"వచ్చిన రెండో రోజే సూసినాను. పిల్లికి సేప తలకాయ వెయ్యడానికి సందులోకి ఎల్తే నువ్వు కాళ్ళు కడుక్కుంటన్నావు. నా మసక కళ్ళకే నల్లగా అగపడినావు. నీకు సెప్తే నీ మొగుడికి సెప్తావు. ఆడు డైరీలో రాస్తాడు."

మా ఆవిడ నవ్వింది. కొంచెం ఆగి అప్ప కూడా నవ్వింది. నాకు అది కొంత ఊరట.

ఆ ఒక్క రోజులోనే ఎన్ని సలహాలు వచ్చాయో! అద్దానికి కాగితం అంటించాం. తెల్లారేసరికి తేమకి ఊడి బకెట్లో పడింది. తువ్వాలు కడితే పలకలు మూసుకుపోయి లోపల ఉడికిపోయింది. అద్దానికి నల్లరంగు వేసేద్దామన్నాను. పొద్దుటి వెలుగు పోతుందని మా ఆవిడ ఒప్పుకోలేదు. తలుపు గడప దగ్గర, నేల మీద చిన్న బత్తీ ఒకటి పెడితే గుట్టుగా ఉంటుంది కదా అని ఆమే అంది. నాలుగు రోజుల ముందైతే మంచి ఆలోచన అనేవాణ్ణి. అన్నిటికన్నా కింద ఉన్న దీపం అన్నిటికన్నా పెద్ద నీడ వేస్తుందని ఇప్పుడు తెలుసు కాబట్టి దాన్ని తలుపు బయట, నడవలో పెట్టడానికి ఒప్పుకున్నాను.

మర్నాడు చీకటి పడగానే గోడ బత్తీ ఆర్పేసి, చార్జింగ్ లైటు పట్టుకుని నేను బాత్రూమ్‌లో పీట ఎక్కాను. మా ఆవిడ మధ్యలో నిలబడింది. అప్ప సందులో నిలబడింది. ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలో ఇచ్చిన నల్లద్దాలు తీసేసి, కొత్త కంటితో.

ముందు పక్క గోడకి పెట్టి పట్టుకున్నాను.

"నీ పెళ్ళాం సగం అగపడతందిరా!" అని సందులోంచి కేక. బజార్లో పెట్టిన గొంతే. "కుడి సెయ్యి, కుడి సెవి!"

"చెవి కూడానా?" అంది మా ఆవిడ.

"సెవికున్న దుద్దు కూడా!"

ఇంకొంచెం జరిపాను. "ఇప్పుడు ముక్కు!" అన్నారు. ఆ గొంతు అప్పది కాదు, దీదీది. 'నాక్' అని అరిచింది. ఆమె కూడా చేరినట్టుంది. ఇంకెవరో కూడా నవ్వుతున్నారు.

చివరికి తిరిగి, కిటికీ ఉన్న గోడకే, కిటికీకి పైన, కప్పు ఎత్తుగా ఉన్న వైపు లైటు ఆనించి పట్టుకున్నాను. వెలుగు కిటికీ వైపు నుంచి లోపలికి పడింది. మా ఆవిడ నీడ వెనక్కి తిరిగి తలుపు మీద పడింది.

సందులో చప్పుడు లేదు.

"అప్పా?"

"నీ పెళ్ళాన్ని సెయ్యి ఎత్తమను."

ఎత్తింది.

"రెండోది."

ఎత్తింది.

"గెంతమను."

మా ఆవిడ నన్ను కోపంగా చూసి గెంతింది. గచ్చు తడిగా ఉంది, పడిపోతుందేమోనని నేను పీట మీదే కంగారుపడ్డాను.

"గెంతిందా?"

"గెంతిందప్పా!"

"అబద్ధం. ఏటీ అగపడ్డం నేదు." కొంచెం ఆగి, మామూలు గొంతుతో అంది. "ఎలుగుంది. మనిసి నేదు."

ఆవిడ దీదీని కూడా అడిగింది, హిందీలో. దీదీ కూడా కుఛ్ నహీఁ అంది. అయినా అప్పకి నమ్మకం కుదరలేదు. నన్ను మధ్యలో నిలబెట్టి, మా ఆవిడ చేత లైటు పట్టించి ఇంకోసారి చూసింది. "ఈడి బొజ్జ కూడా అగపళ్ళేదంటే ఇంకేటీ అగపడదు" అని తీర్పు చెప్పింది.

ఎలక్ట్రీషియన్ మళ్ళీ వచ్చాడు. "అంకుల్, ఈ బత్తీ కూడా షిప్పేనా? ఒక రేవులో ఆగదా?" అన్నాడు హిందీలో. ఆగుతుందన్నాను. పాత చోట కన్నాలు సిమెంటుతో పూడ్చి, కిటికీ పైన కొత్త కన్నాలు వేశాడు. చెంబు నీళ్ళు అంత ఎత్తుకి చిమ్మవు. తెల్ల వెలుగు తీసేసి లేత పసుపు వెలుగు పెట్టించాను. ఆపరేషన్ అయిన కంటికి అది హాయి, మసక అద్దం మీద కూడా తక్కువ పడుతుంది. ట్రిప్ స్విచ్‌ని నొక్కి, అది టక్కున పడిపోవడం నాలుగుసార్లు చూశాను. నడవలో చిన్న బత్తీ ఒకటి, గడప కనపడేటట్టు.

ఆ సాయంత్రం అప్ప చేపలు శుభ్రం చేసింది. చేతులు కడుక్కుని తువ్వాలు తీసుకుంది. బాత్రూమ్ ముందు ఆగి, నన్ను చూసి, "ఎల్లు, సందులో నిలబడు" అంది. వెంటనే నాలుక కరుచుకుని, "నువ్వు కాదురా! నీ పెళ్ళాం" అంది.

మా ఆవిడ వెళ్ళి సందులో నిలబడింది. నేను నడవలో కుర్చీ వేసుకుని పేపరు తెరిచాను. తలుపు పడింది. తలుపు కింద పసుపు గీత వచ్చింది. ఆ గీత మీద ఒక నీడ ఇటు కదిలింది, అటు కదిలింది. తలుపు మీద పడ్డ నీడ అది. అది నా వైపు, ఇంట్లోకే పడుతోంది. సందులోంచి మా ఆవిడ "ఏమీ లేదు వదినా!" అని అరిచింది. నీళ్ళ చప్పుడు మొదలైంది. గీత ఆరలేదు.

పేపర్లో ఒకే వార్త మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. నీళ్ళ చప్పుడు హఠాత్తుగా ఆగింది. నేను పేపరు పడేసి లేచాను.

"ఒరే!" అని లోపలి నుంచి.

"ఏంటప్పా? పడ్డావా?"

"పడ్డం కాదురా! ఈ గచ్చు ఎప్పుడైనా తోమినారేటి మీరు? మూలంతా పాసి! పచ్చగా, అరటాకు పరిసినట్టుంది! ఈ బకెట్టు కింద, అబ్బబ్బ! నాను జారింది దీని మీదే! కుళాయి మొదల్లో సూడు, జిడ్డు! మనుసులుండే ఇల్లేనా ఇది?"

మా ఆవిడ సందులోంచి పరుగెత్తుకొచ్చి తలుపు ముందు నిలబడింది. "వదినా, పొద్దున్నే తోముతాను, ఇప్పుడు స్నానం కానీ."

"పొద్దున్న కాదు. ఆ సీపురు ఇలా ఇయ్యి. తలుపు సందులోంచి ఇయ్యి. సున్నం కూడా."

"వంగకూడదన్నారు డాక్టరు!"

"వంగను. నిలబడే రుద్దుతాను. ఇయ్యి."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను చీపురు తెచ్చి ఇచ్చాను. తలుపు సందులోంచి ఒక తడి చెయ్యి వచ్చి దాన్ని లాక్కుంది. లోపల చీపురు గచ్చు మీద రుద్దిన చప్పుడు మొదలైంది. దాంతో పాటు, మేం ఇన్నేళ్ళు ఎలా బతికామన్న దాని మీద ఆవిడ అభిప్రాయం కూడా.

మా ఆవిడ నా కుర్చీ పక్కన గోడకి ఆనుకుని నిలబడి మెల్లగా అంది. "ఒక్క కంటితోనే ఇంత కనపడుతోంది. రెండోది కూడా అయ్యాక మన పని ఏమవుతుందో."

"రంగత్ టికెట్ సంగతి?" అన్నాను.

ఆమె నోటికి వేలు అడ్డం పెట్టుకుని తలుపు వైపు చూపించింది. లోపలి నుంచి అప్ప మళ్ళీ పిలుస్తోంది.

"ఒరే, ఆసుపత్రికి ఎల్లేది ఎప్పుడు? ఈ మూల ఒక కంటికి సరిగ్గా అగపడ్డం నేదు. రెండో కన్నుతో సూసి తోముతాను. అప్పటిదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకండి!"